అన్నమయ్య మార్గం: ద్విపద సాక్ష్యం, కోనదారి చరిత్ర

తిరుమల కొండకు కాలినడకన చేరే దారులలో నేడు నిత్యవ్యవహారంలో ఉన్నవి రెండే. అలిపిరి నుండి 3550 మెట్లతో ఎక్కే దారి మొదటిది. శ్రీనివాసమంగాపురం వైపు నుండి 2388 మెట్లతో ఎక్కే శ్రీవారి మెట్టు రెండవది. ఈ రెండింటికీ ఎడంగా, శేషాచలం ఈశాన్యపు వాలులో, రేణిగుంట–కడప రహదారి మీది కుక్కలదొడ్డి వద్ద బయలుదేరి, అడవిలో కోనల మీదుగా సాగి, తిరుమలపై పార్వేట మండపం పరిసరాలకు చేరే మరొక దారి ఉన్నది. జనవ్యవహారంలోనూ పత్రికల రాతలోనూ దీనికి ‘అన్నమయ్య మార్గం’ అని పేరు. తాళ్ళపాక అన్నమాచార్యులు బాలుడిగా ఇల్లు విడిచి తొలిసారి శేషాద్రికి వచ్చినది ఈ అడవిదారినే అన్న విశ్వాసం ఆ పేరుకు ఆధారం. విశ్వాసం చాలా బలమైనది. దారికి పెట్టిన ప్రతి పలకా, దారిని గురించి వచ్చిన ప్రతి వార్తా దానిని మరికొంత బలపరుస్తున్నది. అయితే అన్నమయ్య తొలి యాత్రను వర్ణించిన ప్రాచీన గ్రంథం ఒకటి మన ఎదుట ఉన్నది. ఆ గ్రంథం ఈ దారిని గురించి ఏమి చెబుతున్నదన్న ప్రశ్న మాత్రం అరుదుగా అడగబడుతున్నది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడం, ఆ సమాధానం వెలుగులో ఈ కోనదారికి తనదైన చరిత్ర ఏమి మిగులుతుందో చూడడం ఈ వ్యాసోద్దేశం.

కోన, కనుమ, మెట్టు

ముందుగా మాటల సంగతి. దక్షిణ రాయలసీమ కొండప్రాంతపు తెలుగులో నేల స్వరూపాన్ని చెప్పే మాటలు చాలా నిక్కచ్చిగా ఉంటాయి. ఒక వైపు నుండి కొండల వరుసను దాటి మరొక వైపుకు పోవడానికి వీలిచ్చే సందు కనుమ. బాలపల్లె కనుమ, భాకరాపేట కనుమ అన్న వాడుకలలో ఉన్నది ఈ అర్థమే. రెండు కొండల నడుమ లోతుగా చొచ్చుకొనిపోయి, పై కొసన బండలతోనో జలపాతంతోనో మూసుకొనిపోయే లోయ కోన. తలకోన అన్న పేరులోని ‘తల’ ఆ లోయ పై కొసను సూచిస్తున్నట్లు తోస్తుంది. తుంబురుకోన, అవ్వాచారి కోన ఇదే కోవలోనివి. ఇక మెట్టు, మిట్ట అనేవి ఎక్కవలసిన తావులు. మోకాళ్ళ మెట్టు, మామండూరు మిట్ట వంటి పేర్లు యాత్రికుడి కాళ్ళు పెట్టిన పేర్లు. తీర్థం నీటి పేరు. బండ, గుండు రాతి పేర్లు.

ఈ భేదం కేవలం నిఘంటు విషయం కాదు. కనుమ గుండా మనిషి దాటిపోతాడు. కోనలోనికి మనిషి ప్రవేశిస్తాడు, ప్రవేశించినవాడు సాధారణంగా వచ్చిన దారినే మరలిపోతాడు. కనుమ మీద సుంకాలు, సత్రాలు, సేనలు, తరువాతి కాలంలో రైళ్ళు వస్తాయి. కోనలో తీర్థాలు, గుహలు, తపస్సులు ఉంటాయి. శేషాచలం ఈశాన్య భాగంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కొండ పాదాన బాలపల్లె కనుమ కడప సీమను తిరుపతితో కలుపుతుంది. దానికి పడమరగా, ఎత్తున, తుంబురుకోన మొదలైన లోయలు అడవిలో దాగి ఉన్నాయి. అన్నమయ్య మార్గం సమస్య యావత్తూ ఈ రెండింటిలో బాలుడైన అన్నమయ్య దేనిని పట్టాడన్నదే.

ద్విపదలోని యాత్ర

అన్నమయ్య జీవితానికి ప్రధానమైన ఆధారం ఆయన మనుమడు తాళ్ళపాక చిన తిరువేంగళనాథుడు, అనగా చిన్నన్న, రచించిన అన్నమాచార్య చరిత్రము. ఈ ద్విపద కావ్యాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో 1949లో తిరుపతి నుండి వెలువరించారు. తాళ్ళపాకవారి సంకీర్తనల రాగిరేకులలో తొలి రేకు మీది వాక్యం శక సంవత్సరం 1346 (క్రీ.శ. 1424) నుండి శక సంవత్సరం 1424 దుందుభి ఫాల్గుణం (క్రీ.శ. 1503) వరకు అన్నమయ్య రచనాకాలాన్ని నిర్దేశిస్తున్నది. రేకు కాలాన్ని చెబుతుంది, దారిని చెప్పదు. దారిని చెప్పేది చిన్నన్న ద్విపద ఒక్కటే.

అందులోని కథాక్రమం తెలుగు పరిశోధకులకు సుపరిచితమే. ఇంటివారు పురమాయించగా బాలుడు గడ్డికోతకు పోతాడు. కొడవలి వేలికి తగులుతుంది. రక్తం చూసి, ఈ బంధాలతో తనకేమి పని అనుకొంటాడు. ఆ సమయానికి తిరుపతికి పాడుకొంటూ పోతున్న యాత్రికుల గుంపు కనబడితే వారితో కలిసిపోతాడు. ఇంతవరకు అందరూ గుర్తుపెట్టుకొంటారు. తరువాతి అడుగులనే జాగ్రత్తగా చదవాలి. గుంపుతో కలిసిన బాలుడు నేరుగా కొండ మీదికి రాడు. ముందు కొండ కిందికి, తిరుపతికి వస్తాడు. అక్కడి గ్రామశక్తి గంగమ్మను సేవిస్తాడు. అలిపిరి చేరి అక్కడి నరసింహుని దర్శిస్తాడు. తలయేరుగుండును దాటుతాడు. ఎక్కుడు ఎక్కి, అలసి, ఆకలిగొని, మోకాళ్ళ వద్ద ఒక వెదురుపొద నీడలో బండ మీద సొమ్మసిల్లి నిద్రపోతాడు. అలమేలుమంగ దర్శనమిచ్చి, కొండ సాలగ్రామమయమైనది గనుక కాళ్ళకున్న చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి ప్రసాదం పెట్టినది అక్కడే. ఆ అమ్మవారిపై అన్నమయ్య శతకం ఆశువుగా చెప్పినదీ ఆ తావులోనే.

ఈ నాలుగు గుర్తులూ – గంగమ్మ, అలిపిరి, తలయేరుగుండు, మోకాళ్ళు – వరుస తప్పకుండా అలిపిరి దారివి. నేటి యాత్రికుడు కూడా అలిపిరి వద్ద బయలుదేరితే తలయేరుగుండును తొలి మెట్ల వద్దనే చూస్తాడు. గాలిగోపురం దాటి, సమతలమైన నడక ముగిసిన తరువాత, ఒక పక్క అవ్వాచారి కోన లోతుగా దిగిపోతుండగా, మోకాళ్ళ మెట్టు నిటారుగా ఎదురవుతుంది. రామానుజులు పాదాలు మోపడానికి జంకి మోకాళ్ళతో ఎక్కారన్న ఐతిహ్యం ఈ తావుకే చెందినది. కుక్కలదొడ్డి నుండి కోనల మీదుగా వచ్చేవాడికి వీటిలో ఒక్కటీ తగలదు. గంగమ్మ గుడి తిరుపతి ఊరిలోనిది. అటువైపు నుండి వచ్చేవాడు తిరుపతినే చూడకుండా తిరుమల చేరుతాడు. అడవిదారి ప్రయోజనమే అది.

కావ్యంలో ఈ స్థలాల వరుస అలంకారం కోసం వచ్చినది కాదని చెప్పడానికి మరొక కారణం ఉన్నది. చెప్పుల ఘట్టం కథకు ఇరుసు వంటిది. బాలుడు అలసిపోవడం, నిద్రపోవడం, అమ్మవారు దిగిరావడం, శతకం పుట్టడం అన్నీ మోకాళ్ళ ఎక్కుడు నిటారుతనం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ ఎక్కుడును తీసివేస్తే అన్నమయ్య వాగ్గేయకారత్వానికి తొలి నాంది అయిన సంఘటన చోటు కోల్పోతుంది. కనుక అన్నమయ్య బాల్యయాత్రను కోనదారిలో జరిపించదలచినవారు మోకాళ్ళను వదులుకోవాలి. మోకాళ్ళను ఉంచదలచినవారు కోనదారిని వదులుకోవాలి. రెండూ ఒకే యాత్రలో ఇమడవు. నేడు ప్రచారంలో ఉన్న కథనాలు కొన్ని రెంటినీ ఒకేసారి చెప్పడం విచిత్రం.

రెండు అభ్యంతరాలు

ఈ నిర్ణయానికి న్యాయంగా రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది కాలానికి సంబంధించినది. చిన్నన్న పదహారవ శతాబ్దివాడు. తాత బాల్యానికీ మనుమడి రచనకూ నడుమ సుమారు ఒక శతాబ్ది గడిచింది. తన కాలంలో అలిపిరి దారి రాజమార్గంగా ఉండడం చేత చిన్నన్న తాతను కూడా ఆ దారినే నడిపించి ఉండవచ్చు కదా అన్నది ప్రశ్న. ఇది తోసివేయదగినది కాదు. కావ్యం దినచర్య కాదు. సనకసనందనాదులను తలపించే యాత్రికబృందాన్ని కల్పించగల కవి స్థలాలను కూడా ఎంపిక చేసుకోగలడు. అయినా ఈ అభ్యంతరాన్ని చివరంటా అంగీకరించినప్పటికీ తేలేది ఒకటే: పదహారవ శతాబ్దిలో తాళ్ళపాక కుటుంబమే తమ మూలపురుషుడి యాత్రను అలిపిరి దారిలో జరిగినట్లు తలచుకొన్నది. కుటుంబ స్మృతిలోనే లేని దారిని తరువాతి కాలం కుటుంబం పేరుతో పిలవడం గమనించదగిన మార్పు.

రెండవ అభ్యంతరం మరింత బలమైనది. ద్విపద వర్ణించినది తొలి యాత్రను మాత్రమే. ఆ తరువాత అన్నమయ్య తాళ్ళపాకకు తిరిగివెళ్ళాడు, తిరుమలమ్మ, అక్కలమ్మలను వివాహమాడాడు, అహోబిలంలో శఠకోపయతి వద్ద వేదాంతం అభ్యసించాడు, సాళువ నరసింగరాయల ఆదరాన్ని పొందాడు, మళ్ళీ మళ్ళీ తిరుమలకు వచ్చాడు. ఆ రాకపోకలన్నీ ఏ దారిన జరిగాయో కావ్యం చెప్పదు. తాళ్ళపాక నుండి కొండకు అడవిలో అడ్డదారి ఉండగా, కొండలను ఎరిగిన మనిషి దానిని ఎన్నడూ పట్టలేదనడానికి ఆధారం లేదు. అందుచేత కోనదారి అన్నమయ్య నడిచిన దారి అయి ఉండడం సాధ్యమే. అయితే అది సాధ్యత మాత్రమే, సాక్ష్యం కాదు. పరిశోధకుడు ఈ రెంటి నడుమ గీతను చెరపకుండా ఉండాలి.

డబ్బు పారిన దారి

ఒక దారి ప్రాముఖ్యాన్ని తెలుసుకోవడానికి కావ్యాల కంటె నమ్మదగిన కొలమానం ఒకటి ఉన్నది: ఆ దారి మీద ఎవరు ధనం వెచ్చించారన్నది. ఈ కోణంలో మట్ల ప్రభువుల ఉదంతం ప్రత్యేకంగా పరిశీలించదగినది. సిద్ధవటం, చిట్వేలి కేంద్రాలుగా పాలించిన మట్లవారు కడప సీమవారు. కోడూరు, రాజంపేట ప్రాంతాలకు వారు స్థానిక ప్రభువులు. కోనదారి వారి ఏలుబడిలోని నేల నుండే బయలుదేరుతుంది. తిరుపతి గోవిందరాజస్వామి ఆలయపు పెద్ద గోపురం, అలిపిరి దారి మెట్లు పదిహేడవ శతాబ్ది తొలి దశాబ్దాలలో మట్లవారి పేరుతో ముడిపడినవి. కాకుత్స్థవిజయము కర్తగా తెలుగు సాహిత్యానికి పరిచితుడైన మట్ల అనంతభూపాలుడు ఈ వంశంవాడే. తమ ఇంటి పెరటి నుండి కొండకు పోయే అడవిదారి ఉండగా, ఆ ప్రభువులు తమ భక్తిని రాతిలో నిలుపుకోవడానికి కొండకు ఆవలి వైపున, తిరుపతి ముఖాన ఉన్న దారిని ఎన్నుకొన్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. దానం పదిమంది కంటబడాలి. పదిమంది నడిచేది అలిపిరి దారి.

తాళ్ళపాకవారి విషయంలోనూ ఇటువంటిదే కనబడుతుంది. శ్రీనివాసమంగాపురంలోని కల్యాణవేంకటేశ్వరాలయాన్ని 1540లో ఉద్ధరించి పూజాదికాలను తిరిగి ఏర్పాటు చేసినవాడు అన్నమయ్య మనుమడు చిన తిరుమలాచార్యుడని అక్కడి శాసనం తెలుపుతున్నది. మంగాపురం చంద్రగిరి వైపు, అనగా శ్రీవారి మెట్టు వైపు ఉన్నది. సాళువ నరసింహుని కాలం నుండి చంద్రగిరి రాజ్యకేంద్రం కావడంతో ఆ దారికి రాజప్రాభవం అబ్బింది. కృష్ణదేవరాయలు 1513 నుండి 1521 వరకు ఏడు పర్యాయాలు తిరుమలను దర్శించినట్లు శాసనాలు చెబుతున్నాయి. ఆ యుగంలో కొండకు దక్షిణ, నైరుతి ముఖాలే రాచముఖాలు. తాళ్ళపాక అగ్రహారం ఉత్తరాన ఉన్నా, తాళ్ళపాకవారి దానాలు రాజుల వెంట నైరుతికి నడిచాయి.

ఈశాన్యం నుండి వచ్చే సామాన్య యాత్రికుడు ఏ దారి పట్టేవాడో చెప్పడానికి తరువాతి కాలపు సాక్షి ఒకరున్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతిని సేవించుకొని, అక్కడి నుండి కరకంబాడి, బాలపల్లె, కోడూరు, పుల్లంపేట, నందలూరు, ఒంటిమిట్టల మీదుగా కడప చేరారు. ఆయన లేఖలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. వీరాస్వామయ్య పల్లకీలో, పరివారంతో పోయిన పట్టణవాసి. అడవి అడ్డదారులు ఆయనకు పనికిరావన్నది నిజమే. అయితే ఆయన పేర్కొన్న మజిలీల వరుసను తిరగవేస్తే రాజంపేట ప్రాంతం నుండి తిరుపతికి వచ్చే దారి అవుతుంది. తాళ్ళపాక బాలుడు యాత్రికుల గుంపుతో కలిసి గంగమ్మ గుడికి వచ్చాడంటే, ఆ గుంపు నడిచి ఉండవలసినది ఈ కనుమదారినే. ద్విపద చెప్పిన కథకూ నేల చెప్పే కథకూ ఇక్కడ పొంతన కుదురుతున్నది.

కోన స్వధర్మం

ఇంతవరకు కోనదారికి లేనిదేమిటో చూడడం జరిగింది. దానికి ఉన్నదేమిటో చూడకపోతే అన్యాయమవుతుంది. శేషాచలపు ఈశాన్య లోయలకు తెలుగు సాహిత్యంలో స్థిరమైన స్థానం ఉన్నది. అది మార్గంగా కాక ఏకాంతంగా లభించిన స్థానం.

వేంకటాచల మాహాత్మ్యంలో ఘోణతీర్థమని పిలువబడిన తావే తుంబురుతీర్థం. మాఘస్నానానికి అలసత్వం చూపిన భార్యను తుంబురుడు కప్పగా పడియుండమని శపించాడు. ఆమె ఆ తీర్థం చెంత చెట్టు తొర్రలో ఉండగా, అగస్త్యుడు శిష్యులతో వచ్చి తీర్థమహిమను చెప్పగా విని శాపవిముక్తి పొందింది. పురాణకథను చరిత్రగా చదవవలసిన పని లేదు. కథ అడిగే వాతావరణాన్ని మాత్రం గమనించాలి: నీరు, తొర్ర, నిశ్శబ్దం, ఎప్పుడో ఒకనాడు వచ్చే ఋషి. నిత్యం జనం పోయే దారిలో ఈ కథ పుట్టదు. ఫాల్గుణ పౌర్ణమి నాటి తుంబురుతీర్థ ముక్కోటి నేటికీ ఈ లక్షణాన్ని నిలుపుకొన్నది. ఏడాదిలో ఆ సమయానికి మాత్రమే జనం పాపవినాశనం వైపు నుండి అడవిలోనికి దిగి, నిట్టనిలువుగా చీలిన బండల నడుమ నీటిలో నడిచి, తీర్థమాడి మరలుతారు. మిగతా రోజులలో కోన కోనగానే ఉంటుంది.

తరిగొండ వెంగమాంబ జీవితం ఇందుకు మానవసాక్ష్యం. వాయల్పాడు సమీపంలోని తరిగొండలో పద్దెనిమిదవ శతాబ్ది పూర్వార్ధంలో పుట్టిన ఈ కవయిత్రి బాల్యవైధవ్యాన్ని, ఊరివారి నిందను, మఠాధిపతుల అధికారాన్ని ఎదుర్కొని తిరుమల చేరింది. కొండ మీద కూడా ఆమెకు ప్రశాంతత వెంటనే దక్కలేదు. ఇరుగుపొరుగు వేధింపులకు విసిగి తుంబురుకోన గుహలో కొన్నేళ్ళు తపస్సు చేసిందని ఆమె చరిత్రకారులందరూ చెబుతున్నారు. అదే వెంగమాంబ వేంకటాచల మాహాత్మ్యాన్ని తెలుగు పద్యకావ్యంగా రచించి కొండ మీది తీర్థాలన్నింటినీ అక్షరబద్ధం చేసింది. తీర్థాల పేర్లను పురాణం నుండి తీసుకొన్న కవులు అనేకులున్నారు. తీర్థం పక్కన గుహలో రాత్రులు గడిపిన కవి వేరెవరున్నారు? ఆ కోనకు ఒక సాహిత్యవ్యక్తి పేరు పెట్టదలిస్తే ఆధారాలు అన్నమయ్య కంటె వెంగమాంబ వైపే ఎక్కువ మొగ్గుతాయి. ఈ సంగతి ఎవరికీ తట్టకపోవడానికి కారణాలు సాహిత్యేతరమైనవి కావచ్చు.

అంతమాత్రాన కోనలో దారి లేదనుకోరాదు. కోడూరు, రాజంపేట సీమ భక్తులు ఈ అడవిదారిన కొండకు నడిచివచ్చే ఆచారం నేటికీ ఉన్నది. తిరుపతికి చుట్టు తిరిగి రానవసరం లేకపోవడం, దారిలో నీటి పట్టులు ఉండడం, ఊరివారంతా కలిసి పోవడం దీనికి అనుకూలతలు. ఇది ఒక సీమ ప్రజల సొంత దారి. రాజుల శాసనాలలోకి ఎక్కకపోవడం దీనికి లోపం కాదు.

దారి సద్దుమణిగిన విధం

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో మదరాసు రైల్వే వాయవ్య మార్గం అరక్కోణం నుండి రేణిగుంట, మామండూరు, బాలపల్లె, కోడూరు, రాజంపేటల మీదుగా సాగి 1871 నాటికి రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. రైలు పట్టినది కనుమను. రాజంపేట యాత్రికుడు కొన్ని గంటలలో రేణిగుంటలో దిగగలిగినప్పుడు పగలంతా అడవిలో నడవవలసిన అవసరం తగ్గిపోయింది. 1944లో తొలి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది రావడంతో నడక ఏ దారిలోనైనా అవసరం కాక మొక్కుగా మారింది. మొక్కు చెల్లించేవాడు మెట్లున్న దారిని కోరుకొంటాడు. కోనదారిలో మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టే వీలు లేదు.

పరిపాలన కూడా ఈ దారిని రెండుగా చీల్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు తిరుపతి ఉత్తర ఆర్కాటులో, కోడూరు కడపలో ఉండేవి. దారి కింది కొస ఒక జిల్లాలో, పై కొస మరొక జిల్లాలో పడ్డాయి. 2022 జిల్లాల పునర్విభజనలోనూ తిరుపతి, అన్నమయ్య జిల్లాల నడుమ అదే జరిగింది. కాక్స్ ఉత్తర ఆర్కాటు మాన్యువల్ (1881), గ్రిబుల్ కడప మాన్యువల్ (1875) రెండూ చేతబట్టుకొని చదవవలసిన ప్రదేశం ఇది.

అడవి చట్టాలు చివరి అంకం. 1882 మదరాసు అటవీ చట్టంతో మొదలైన రక్షణ 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంగా, 2010లో శేషాచలం జీవావరణ పరిరక్షణ కేంద్రంగా విస్తరించింది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఈ కొండలలో ఉన్నది. పేరీత వంటి అరుదైన మొక్కలు కూడా ఇక్కడివే. ఎర్రచందనం వలన కోనదారులకు మరొక రకం నడకరులు ఏర్పడ్డారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఇరవైమంది కూలీలు పోలీసు కాల్పులలో మరణించిన ఉదంతం తరువాత ఈ లోయలలో మనిషి అడుగు కనబడడమే అనుమానాస్పదమైంది. యాత్రికుడు, కట్టెలు కొట్టేవాడు, తేనె తీసే యానాది, వీరందరూ ఒకప్పుడు పంచుకొన్న కాలిబాట నేడు అనుమతిపత్రం అడుగుతున్నది. కోనలోని నిశ్శబ్దం సహజమైనదని చూపరికి తోస్తుంది. అందులో ఒకటిన్నర శతాబ్దుల చరిత్ర ఉన్నది.

పేరు, దాని పర్యవసానం

‘అన్నమయ్య మార్గం’ అన్న పేరు ప్రాచీనమైనదిగా కనబడదు. ఇరవయ్యవ శతాబ్దిలో రాగిరేకుల పఠనం, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మల పరిష్కరణలు, 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన అన్నమాచార్య ప్రాజెక్టు, 1997లో వచ్చిన చలనచిత్రం అన్నమయ్యను ఇంటింటి పేరు చేశాయి. అన్నమయ్య జీవితకథ జనంలోనికి వచ్చిన తరువాతనే ఒక దారి ఆ కథలోనికి వచ్చి ఉంటుందని ఊహించడం సమంజసం. తాళ్ళపాక వైపు నుండి వచ్చే దారి గనుక తాళ్ళపాకవాని దారి అయింది. భూగోళం పేరు పెట్టింది, కావ్యం పెట్టలేదు. విడ్డూరమేమంటే, ఈ పేరును పుట్టించిన ఆదరణకు మూలమైన గ్రంథమే ఈ పేరుకు అడ్డు చెబుతున్నది.

జనం ఒక దారిని తమకు ప్రియమైనవాని పేరుతో పిలుచుకొంటే పరిశోధకునికి అభ్యంతరం ఉండనవసరం లేదు. చిక్కు మరొక చోట ఉన్నది. 2021 నవంబరు వర్షాలకు శ్రీవారి మెట్టు కొట్టుకుపోయింది. డిసెంబరు 1న రెండవ ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డాయి. ఆ సందర్భంలో కోనదారిని ప్రత్యామ్నాయంగా అభివృద్ధి చేయాలన్న ప్రతిపాదన బలంగా ముందుకు వచ్చింది. అత్యవసర సమయంలో మరొక దారి ఉండాలన్నది ఇంజనీరింగు వాదన. దానిని ఇంజనీర్లు, అటవీశాస్త్రజ్ఞులు తూకం వేస్తారు. అన్నమయ్య నడిచాడు గనుక ఈ దారిని విస్తరించాలన్నది చారిత్రక వాదన. దానిని తూకం వేయవలసినది తెలుగు పరిశోధకులు. ద్విపదను ఆధారంగా చూపినవారికి ఆ ద్విపదలోనే గంగమ్మ, తలయేరుగుండు, మోకాళ్ళు ఉన్నాయని చెప్పవలసిన బాధ్యత తెలుగు శాఖలది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే చిరుతపులి ఒక పసిబిడ్డను పొట్టనబెట్టుకొన్నది. మెట్లు, దీపాలు, దుకాణాలు, నిత్యం వేలమంది నడక ఉన్న దారిలో జరిగిన సంగతి ఇది. అవేవీ లేని కోనల గుండా జనాన్ని నడిపించే నిర్ణయానికి ఒక కావ్యాన్ని తప్పుగా చదివి ఊతమివ్వడం చిన్న పొరపాటు అనిపించుకోదు.

చేయదగిన పని స్పష్టంగానే ఉన్నది. కుక్కలదొడ్డి నుండి పార్వేట మండపం వరకు దారి పొడవునా మిగిలిన రాతిపని, బండల మీది గుర్తులు, మండపశిథిలాలు ఏమైనా ఉంటే వాటి కొలతలు, ఛాయాచిత్రాలు అటవీశాఖ అనుమతితో సేకరించాలి. కొండపాదపు పల్లెలలో, యానాదుల నోట, ఈ దారిలోని ప్రతి బయలుకూ బండకూ వాగుకూ ఉన్న పేర్లు నమోదు కావాలి. వాటిలో అన్నమయ్య పేరు ఉన్నదా, వెంగమాంబ పేరు ఉన్నదా, లేక ఇద్దరికీ ముందటి మరెవరి పేర్లయినా ఉన్నాయా అన్నది అప్పుడు తెలుస్తుంది. ఆ పేర్లు తెలిసిన వృద్ధులు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. దారి మీద మొదటి యంత్రం దిగక ముందే ఈ సేకరణ జరగాలి; యంత్రం దిగిన తరువాత కొలవడానికి పాతరాయి మిగలదు.